ఖాళీ తూటాల సంచి

పోయిన శనివారం పొద్దున్నే ఫ్రౌ లెంట్స్ ఫోన్ చేశారు. "ఇల్లు అమ్ముడుపోయింది సుజాతా. వచ్చే నెల తాళాలు ఇచ్చెయ్యాలి. కెల్లర్‌లో నీ చేతిరాత ఉన్న డబ్బాలు ఇంకా అలాగే ఉన్నాయి, కావాలంటే వెళ్లి తెచ్చుకో" అన్నారు. ఆవిడకు ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా వీస్‌లోఖ్‌లోని వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. నేను జర్మనీకి వచ్చిన కొత్తలో మూడేళ్లు అద్దెకున్నది ఆ ఇంట్లోనే. కింద ఆవిడా, ఆవిడ భర్త లెంట్స్ గారూ ఉండేవారు, పైన మా ఆయన రాఘవా, నేనూ. ఆశ్రమానికి వెళ్లి తాళం తీసుకుని, ఆ ఇంటి మెట్లు దిగి కెల్లర్ తలుపు తోశాను. ఆ నేలమాళిగ అంతా అదే వాసన. మట్టి వదలని బంగాళదుంపలు, ముడతలు పడుతున్న ఆపిల్ పండ్లు, కుట్టుమిషన్ నూనె లాంటి నూనె. పండ్లూ దుంపలూ అక్కడ లేక ఏళ్లయినా గోడలు ఆ వాసనను వదలలేదు.

అలమరలో మూడు బిస్కట్ డబ్బాలు కనిపించాయి. ఒకదాని మీద "ముప్పై ఎనిమిది, మంచివి" అనీ, ఇంకోదాని మీద "పొడుగువి" అనీ, మూడోదాని మీద "పగిలినవి" అనీ తెలుగులో రాసిన కాగితాలు అంటించి ఉన్నాయి. రాత నాదే. మూత తీస్తే అడుగున గుప్పెడు ఇత్తడి గొట్టాలు, ఒక్కొక్కటి చిటికెన వేలిలో సగం ఉంటుంది. పిస్తోలు పేల్చాక గుండు ముందుకు పోతుంది, గొట్టం మిగిలిపోతుంది. ఆ ఖాళీ గొట్టాలన్నమాట. జనగామలో పుట్టి, జీవితంలో తుపాకీ ముట్టుకోని ఆడమనిషికి వాడేసిన తూటాలతో పనేమిటని మా పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

మేం ఆ ఇంట్లో చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. రాఘవ వాల్డార్ఫ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. ఆ వైపు తెలుగువాళ్లు ఉన్నారని వినడమే గానీ ఒక్కరితోనూ పరిచయం లేదు. జర్మన్‌లో నాకు వచ్చినవి నాలుగు ముక్కలు: నమస్కారం, థాంక్స్, అర్థం కాలేదు, ఎంత. పోపు పెడితే వాసన మెట్ల మీదుగా కిందికి పోతుందేమోనని కిటికీలన్నీ తెరిచి, చలికి వణుకుతూ వంట చేసేదాన్ని. ఇంటివాళ్ల దినచర్య మాత్రం చప్పుళ్లను బట్టి నాకు కంఠతా వచ్చేసింది. ఆరున్నరకు కాఫీ గింజలు మరపట్టే చప్పుడు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా నిశ్శబ్దం, శుక్రవారం లెంట్స్ గారు షూట్సెన్‌ఫెరైన్‌కు, అంటే ఊళ్లోని తుపాకీ గురి క్లబ్బుకు బయల్దేరేటప్పుడు ఫ్రౌ లెంట్స్ కారు తీసే చప్పుడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నీలం ఆప్రాన్ కట్టుకుని, మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ రెండు వేళ్లు గోడకు ఆనించి నడిచేవారు. అది ఆయన అలవాటనుకున్నాను.

ఆ ఏడాది చలికాలంలో నాకు అయిదో నెల. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కడుపునొప్పి మొదలైంది. అంబులెన్సు వచ్చింది, లెంట్స్ దంపతులు గేటు దగ్గర నిలబడి చూశారు. నాలుగు రోజుల తర్వాత ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. ఆడపిల్ల అని డాక్టరు చెబితే రాఘవ నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు. అతనికి ఏడవడం చేతకాదు, ఆఫీసుకు వెళ్లడం చేతనవును. ఫోన్ కార్డు గీకి అమ్మకు చేస్తే, "మళ్లయితది తియ్ బిడ్డా. దాన్నే తల్సుకుంట కూసోకు. మంచిగ తిను" అనేది. కార్డులో నిమిషాలు అయిపోయేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకునే ఉండేవాళ్లం.

"నెల రోజులు ఇంటికి పోయి రారాదు?" అన్నాడు రాఘవ ఒకరోజు.

"ఎట్ల పోవాలె? అందరు పొట్ట దిక్కు చూస్తరు" అన్నాను. అతను మళ్లీ అడగలేదు.

మార్చిలో ఒక పొద్దున తలుపు తట్టిన చప్పుడైంది. పోపు వాసన గురించి చెప్పడానికే వచ్చారని భయపడ్డాను. తీస్తే లెంట్స్ గారు. చేతిలో ఒక డబ్బా మూత, అందులో మసిబారిన గొట్టాలు. "ఫ్రౌ సుజాత, మీ కళ్లు మంచివేనా?" అన్నారు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. కళ్లు, మంచివి అనే రెండు మాటలూ అర్థమై తలూపాను. ఆయన తన కళ్లజోడు తీసి చూపించి, ఇది పాతబడింది, వీటి అడుగున రాసి ఉన్న అంకెలు కనబడటం లేదు అన్నట్టు సైగ చేశారు. "ఒక సంచి కొన్నాను. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సాయం చేస్తారా?"

అలా మొదటిసారి ఆ కెల్లర్‌లోకి దిగాను. మూలన ఒక గోనెసంచి నిండా ఖాళీ తూటాలు. గురి క్లబ్బుల్లో కాల్చినవాళ్లు వదిలేసినవాటిని ఊడ్చి, తూకానికి అమ్ముతారట. కొన్నవాళ్లు వాటిని శుభ్రం చేసి, మళ్లీ తుపాకీమందు నింపి, కొత్త గుండు బిగించి వాడుకుంటారు. మందు ముట్టుకోవడానికి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి, అది ఆయనకుంది. ఖాళీ గొట్టం మాత్రం వట్టి ఇత్తడి, ఎవరైనా కొనొచ్చు, ఎవరైనా ఏరొచ్చు. కెల్లర్ చివర ఇంకో గది ఉండేది, ఇనప తలుపుది, ఎప్పుడూ తాళం వేసి. మందూ రివాల్వరూ అందులోనే. "ఆ గది నాది. ఈ బల్ల మీది" అన్నారు. బల్ల మీద ఒక దీపం, నా ఎత్తుకు సరిపడా పెంచిన ఒక స్టూలు.

పని కష్టమైనది కాదు. అడుగున ఉన్న అంకెలు చదివి రకాలుగా విడదీయాలి. ముప్పై ఎనిమిది రకం ఆయనకు కావలసింది. అచ్చం అలాగే ఉండి కాస్త పొడుగ్గా ఉండేవి వేరే. మూతి దగ్గర సన్నగా చీలినవాటిని పారెయ్యాలి. మొదటి రోజు గంట చేశాను. రెండో రోజు రాఘవ బస్సెక్కగానే దిగాను. వారం తిరిగేసరికి పొద్దున లేవడానికి ఒక కారణం ఉంది. ఆయన పక్కన కూర్చుని చాకుతో ఆపిల్ తొక్కను తెగకుండా ఒకే తీగలా తీసేవారు, ముక్కలు ఒక సాసర్‌లో నా వైపు జరిపేవారు. గొట్టం, మూత, సంచి, పగులు, మసి అని ఒక్కో మాట చెప్పేవారు, నేను తిరిగి చెప్పేదాన్ని. ఏరినవాటిని పొడి చేసిన వాల్‌నట్ పెంకులతో కలిపి తిరిగే డ్రమ్ములో వేస్తే, అది గంటలకొద్దీ ఝుమ్మంటూ ఉండేది. ఒకరోజు నేను పది గొట్టాలు పైకి తీసుకెళ్లి చింతపండుతో తోమి తెచ్చాను. ఇత్తడి కాస్తా గులాబీ రంగుకు తిరిగి మెరిసిపోయింది. ఆయన వాటిని వాసన చూసి, ఎంత నవ్వారంటే పైనుంచి ఫ్రౌ లెంట్స్ దిగివచ్చారు. నేనూ నవ్వాను. నవ్వాక భయమేసింది, ఏదో తప్పు చేసినట్టు.

వేసవిలో రెండో సంచి కొనడానికి నన్నూ తీసుకెళ్లారు. ఫ్రౌ లెంట్స్ కారు నడిపారు, కొండల వైపు ఒక పల్లె. అమ్మే ఆయన పశువుల కొట్టం లాంటి షెడ్డులో సంచులు వరసగా పెట్టి ఉంచాడు. లెంట్స్ గారు నా వైపు తిరిగి, "మీరు చూడండి" అన్నారు. నేను ఒక సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, చెవి దగ్గర గలగలలాడించాను. మా నాన్నకు జనగామలో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. పెంబర్తి నుంచి సరుకు రాగానే ప్రతి బిందెనూ, చెంబునూ వేలి కణుపుతో కొట్టి వినేవాడు. నిండుగా మోగితే లోపలికి, గరగరమంటే వెనక్కి. బళ్లోంచి వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకొమ్మని, "ఇది చెప్పు బిడ్డా, మంచిదా, పగిలిందా?" అని అడిగేవాడు. ఆ గుప్పెట్లో ఒకటి గరగరమంది. రెండుసార్లు విడదీసి ఆడించి, దాన్ని పట్టుకుని, "పగిలింది" అన్నాను జర్మన్‌లో. అమ్మే ఆయన నవ్వాడు. లెంట్స్ గారు దాన్ని తీసుకుని, మూతి చుట్టూ బొటనవేలి గోరు నడిపించి, ఒకచోట ఆగారు. వెంట్రుకంత చీలిక. తర్వాత ఆయన, "ఈ సంచి వద్దు. ఆ పక్కది చూడండి" అన్నారు, ఎంతో గర్వంగా, కూతురి గురించి చెప్పినట్టు. ఆయన చీలికను కంటితో కాక గోటితో వెతికారని ఆ రోజు నాకు తట్టలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫ్రౌ లెంట్స్ వాళ్ల చెల్లెలి ఊరు వెళ్లారు. కింది నుంచి ఆయన పిలుపు వినబడింది. "ఫ్రౌ సుజాత, ఒక్క నిమిషం." దిగి చూస్తే ఇనప తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో నిలబడి నుదురు తుడుచుకుంటున్నారు. "ఏమీ ముట్టుకోవద్దు. చూస్తే చాలు." బల్ల మీద చిల్లులు చేసిన చెక్క దిమ్మె, అందులో యాభై గొట్టాలు నిలబెట్టి, మందు పోసి ఉన్నాయి. గుండ్లు ఇంకా పెట్టలేదు. "అన్నిటిలో ఒకే ఎత్తు ఉందా?"

దీపం పట్టి ఒక్కో వరసా చూశాను. మూడో వరసలో ఒకదానిలో మందు మిగతావాటికి రెట్టింపు ఉంది. ఆఖరి వరసలో ఇంకోటి అలాగే. దాని పక్కది పూర్తిగా ఖాళీ. రెట్టింపు మందు పడితే ఏమవుతుందో ఆయనే నాకు ఎప్పుడో చెప్పారు. రివాల్వరు చేతిలోనే పగులుతుంది, వేళ్లు పోతాయి, పక్కన నిలబడ్డవాడి కళ్లు పోతాయి.

"మూడు తప్పు" అన్నాను.

"ఏవి? చూపించండి."

ఆయన చూపుడువేలు పట్టుకుని ఒక్కోదాని మీద పెట్టాను. ఆయన దీపం దగ్గరికి లాగి, వంగి, తల అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశారు. ఆఖరికి, "నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నారు.

స్టూలు మీద కూర్చుండిపోయారు. చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయట. దేన్ని సూటిగా చూస్తే అక్కడే బూడిదరంగు మచ్చ. రెండేళ్లుగా పెరుగుతోంది. భార్యకు చెప్పలేదు, క్లబ్బులో చెప్పలేదు. డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, రెండుసార్లు ఎగ్గొట్టారు. "తెలిస్తే ఇది మూసెయ్యాలి" అని గది వైపు చెయ్యి ఊపారు. "నలభై ఏళ్లు ఫ్రౌ సుజాత. ఇది తప్ప నాకు ఇంకేం చేతకాదు." నా వైపు తిరిగి, "మీరు ప్రతిసారీ ఇలా చూసిపెడితే చాలు. ఎవరికీ తెలియక్కర్లేదు" అన్నారు.

నిజం చెప్పాలంటే సరేనందామనుకున్నాను. ఆయనకంటే నాకే ఆ కెల్లర్ ఎక్కువ అవసరం. అది పోతే మళ్లీ పైన గదిలో గోడ నుంచి గోడకు నడవడమే. కానీ ఆ గొట్టాలు నేను చూడని రోజు ఒకటి వస్తుంది. జ్వరమొస్తుంది, ఇల్లు మారతాం, ఆయనకు ఓపిక పట్టదు. వచ్చీరాని జర్మన్‌లో, వ్యాకరణం లేకుండా, "నేను చూడను. ఫ్రౌ లెంట్స్‌కు చెప్పండి. మీరు చెప్పేదాకా నేను కిందికి రాను" అన్నాను. ఆయన ముఖం గట్టిపడిపోయింది. "వెళ్లండి" అన్నారు.

పదకొండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే గోడకు వేళ్లు ఆనించి పక్కకు తప్పుకునేవారు. నేను ఫ్రౌ లెంట్స్‌కు చెప్పేద్దామని రోజూ అనుకుని, రోజూ ఆగిపోయేదాన్ని. శుక్రవారం కారు చప్పుడైతే కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆ రెండు వారాల్లోనూ ఆయన, "ఒంట్లో బాగాలేదు" అని కారెక్కకుండా మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. ఆ రెండోసారి రాఘవకు అంతా చెప్పి ఏడ్చాను. ఫిబ్రవరి తర్వాత అతని ముందు ఏడవడం అదే. అతను నా తల మీద చెయ్యి పెట్టి, "కరెక్టే చేసినవ్ సుజీ" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం వేరే దాని గురించి ఏడ్చాం. అతనికీ ఏడవడం చేతనవునని అప్పుడు తెలిసింది.

పన్నెండో రోజు ఆదివారం. ఫ్రౌ లెంట్స్ ప్లమ్ పండ్ల కేకు ముక్కలున్న ప్లేటుతో పైకి వచ్చారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "కిందికి రా అమ్మాయీ. ఆయన పిలుస్తున్నారు" అన్నారు. లెంట్స్ గారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేను వెళ్లగానే లేచి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "చెప్పేశాను" అన్నారు. అంతే. ఆ సాయంత్రం ముగ్గురం కేకు తిన్నాం.

తర్వాతి శుక్రవారం క్లబ్బుకు వెళ్లి అందరి ముందూ తనే చెప్పుకున్నారు. రివాల్వరు, మందు, యంత్రాలు పద్ధతి ప్రకారం అప్పగించేశారు. మిగిలిన గొట్టాలు కొనడానికి పక్క ఊరి నుంచి ఒక రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. లెంట్స్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఏం కావాలన్నా ఆవిణ్ణి అడగండి" అన్నారు. ఆ డ్రైవరుకు రకాలు విడమరచి, పగిలినవాటిని చప్పుడుతో ఎలా పట్టుకోవాలో చూపించి, జర్మన్‌లో ఒక మనిషితో అరగంట మాట్లాడింది నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది. కెల్లర్ పని పోయినా దిగడం ఆగలేదు. రోజూ పొద్దున ఆయనకు పేపరు చదివి వినిపించేదాన్ని, తప్పులు దిద్దేవారు. ఆ పేపరుతోనే భాష పరీక్ష పాసయ్యాను, ఆ పరీక్షతోనే ఉద్యోగం దొరికింది. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. లెంట్స్ గారు పోయి తొమ్మిదేళ్లయింది. చివరికి వెలుగూ చీకటీ మాత్రమే తెలిసేవి, అయినా నా అడుగు చప్పుడు గుర్తుపట్టేవారు.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్లు వందల్లో ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే, "అక్కా, గైనకాలజిస్ట్ టెర్మిన్ ఎక్కడ దొరుకుతుంది?" అని ఒకరు అడిగితే పది నిమిషాల్లో పదిమంది జవాబిస్తారు. పోయిన ఏడు మౌనిక అనే అమ్మాయికి నాకైనట్టే అయింది. గుంటూరమ్మాయి, పెళ్లై ఏడాది. వారం రోజులపాటు ఎవరో ఒకరం ఆ ఇంటికి క్యారియర్లు మోశాం. నేను పప్పుచారు, బెండకాయ వేపుడు పట్టుకెళ్లాను. ఆ అమ్మాయి, "థాంక్స్ ఆంటీ, ఎందుకండీ ఇంత శ్రమ" అంది, డబ్బా పక్కన పెట్టింది, ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను. మాకు లేనివన్నీ వాళ్లకు ఉన్నాయని సంతోషమే. కానీ ఆ ఇంటి మెట్లు దిగుతుంటే, అందరం వచ్చి వెళ్లాక ఆ అమ్మాయి ఏం చేస్తుందోనని మనసు పీకింది.

శనివారం కెల్లర్ చూసుకుని, తాళం తిరిగి ఇవ్వడానికి ఆశ్రమానికి వెళ్లాను. ఫ్రౌ లెంట్స్ కిటికీ దగ్గర కూర్చుని సూపు తాగుతున్నారు. లెంట్స్ గారి కబుర్లు వచ్చాయి. మొదటి సంచి రోజు ఆయన మా తలుపు తట్టినప్పుడు ఎంత భయపడ్డానో చెబితే ఆవిడ స్పూను కింద పెట్టారు.

"ఆ సంచి ఆయనకు అక్కర్లేదు, తెలుసా? అలమర నిండా ఏరి పెట్టుకున్నవి ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్వు రోజంతా పైన నడిచేదానివి. ఆ గోడ నుంచి ఈ గోడకు. మాకు కింద వినబడుతూనే ఉండేది. ఈ అమ్మాయి చేతులకు ఏదో ఒక పని ఉండాలి అన్నారు. అన్నీ కలిసిపోయిన సంచే కావాలని అడిగి మరీ కొన్నారు. కళ్లు కనబడటం లేదని అబద్ధం చెప్పాను, ఒప్పుకుంది అని వచ్చి నాతో చెప్పి నవ్వారు." ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "ఆ మాట అబద్ధమేనని నేనూ నమ్మాను."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మళ్లీ నా వైపు తిరిగి అడిగారు. "ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. ఆ పాపకు పేరు అనుకున్నావా?"

అనుకున్నాను. రాఘవకు కూడా చెప్పలేదు. పైకి అనడం అదే మొదటిసారి. "నీరజ" అన్నాను.

ఆవిడ రెండుసార్లు మెల్లగా పలికి చూసుకున్నారు. తర్వాత లేచి, వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిచారు. తలుపు వెనక పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతోంది. చెల్లెలి పిల్లలు, వాళ్ల పిల్లలు, పక్కింటివాళ్లు, నా ఇద్దరు పిల్లలు కూడా తమ తమ నెలల్లో ఉన్నారు. "ఎప్పుడు పుట్టవలసింది?" అన్నారు. జూన్ అని చెప్పాను. డాక్టరిచ్చిన తేదీ కూడా చెప్పాను, అది నేను మరిచిపోలేదు. ఆవిడ జూన్ పేజీ తిప్పి, పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం నన్ను అడిగి రాశారు. రాశాక కాస్త వెనక్కి జరిగి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా వైపు చూశారు.